ఆఖరి పాట ఫొటో

మార్కాపురంలో పాటల కచేరీ ఉందంటే ఫొటోలకు నన్నే పిలుస్తారు. గొడవ పడతానని తెలిసినా పిలుస్తారు. ఆ ఏడు క్రిస్మస్ ముందు కాలేజీ గ్రౌండులో సువార్త పాటల కచేరీ పెట్టారు. గాయకుడు హైదరాబాదు నుంచి వస్తున్నాడు, పేరున్నవాడు. ఆఖరి పాటకు వెనక కోరస్ పాడటానికి యర్రగొండపాలెం దగ్గర మా అమ్మ పుట్టిన ఊరి చర్చి ఆడవాళ్ళను రమ్మన్నారు. అందరూ మిరప కోతలకు పోయేవాళ్ళే. వాళ్ళను నడిపించేది మా పెద్దమ్మ. పగలంతా చేలో వంగి, సాయంత్రం చర్చిలో పాట నేర్చుకున్నారు. అందరూ ఒకే రకం నీలం చీరలు కొనుక్కున్నారు.

"రేయ్ నాయనా, ఆయన పక్కన మేం నిలబడినప్పుడు మంచి ఫొటో ఒకటి తీయాల. చర్చిలో పెట్టుకుంటాం," అంది పెద్దమ్మ. అదెంత పని అన్నాను.

కచేరీ రోజు మధ్యాహ్నం స్టేజీ దగ్గర గాయకుడి మేనేజరు నా చేతిలో ఒక అగ్రిమెంటు పెట్టాడు. మొదటి మూడు పాటలే తీయాలి. తీసిన ఫొటోలన్నీ గాయకుడి సొంతం. ఆయన అనుమతి లేకుండా ఒక్క ప్రింటు కూడా ఎవరికీ ఇవ్వకూడదు. చదివేసరికి ఒళ్ళు మండింది.

"ఏంది బ్రదర్ ఇది? కెమెరా నాది, కష్టం నాది, ఫొటో మాత్రం మీదా?"

"అన్ని ఊళ్ళలోనూ ఇదే బ్రదర్. సంతకం పెట్టకపోతే లోపలికి రానివ్వలేను," అన్నాడు నవ్వుతూనే. మూడు పాటలయ్యాక సార్‌కి చెమట పట్టి మొహం బాగుండదట.

హక్కులు చెరిసగం అన్నాను. ససేమిరా అన్నాడు. ఫొటో కింద నా పేరైనా వేయండి అన్నాను. చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే ఏమిటో నాకు తెలియదా! కాగితం ఆయన చేతిలోనే పెట్టి, బ్యాగు భుజాన వేసుకుని గేటు దాకా వచ్చాను. అక్కడ పెద్దమ్మ వాళ్ళు ఆటో దిగుతున్నారు, నీలం చీరల్లో. మళ్ళీ వెనక్కి నడిచాను.

"ఆఖరి పాట ఒక్కటి నాకు వదిలేయండి. దాంట్లో మావాళ్ళు పాడతన్నారు. మీ సార్ ఫ్రేములో పడకుండా తీసుకుంటా. ఆ ఫొటోలు మాత్రం నావి."

ఆయన ఎవరికో ఫోన్ చేసి వచ్చి, కాగితం అంచున పెన్నుతో రాశాడు: ఆఖరి పాటలో కోరస్ బృందాన్ని మాత్రమే తీయవచ్చు, గాయకుడు ఫ్రేములో ఉండరాదు. ఇద్దరం సంతకాలు పెట్టాం. ఇన్నేళ్ళలో అగ్రిమెంటులో ఒక్క లైను మార్పించడం అదే మొదలు. గొప్పగానే అనిపించింది.

ఆఖరి పాటలో గాయకుడు ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, నేరుగా పెద్దమ్మ పక్కకు పోయి తన మైకు ఆమె నోటి ముందు పెట్టాడు. ఆమె బెదరలేదు, గొంతెత్తి పాడింది. ఇద్దరి మొహాల మీదా ఒకటే లైటు. నా వేలు బటన్ మీదే ఉంది. స్టేజీ కింద నుంచి మేనేజరు నన్నే చూస్తున్నాడు. సంతకం పెట్టాను కదా, కెమెరా దించేశాను. గాయకుడు ముందుకు పోయాక మావాళ్ళను తనివితీరా తీసుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రింట్లు పట్టుకుని ఆ ఊరికి పోయాను. అందరూ మూగారు. "అబ్బో, దీని నోరు చూడండే, మైకునే మింగేటట్టుంది!" అని ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. పెద్దమ్మ మాత్రం అన్నీ తిరగేసి, మళ్ళీ మొదటి నుంచి చూసింది.

"ఆయన నా పక్కకొచ్చి మైకు పెట్టినాడే, అదేదిరా?"

ఉన్నదున్నట్టు చెప్పాను. అగ్రిమెంటు సంగతి, ఆ ఒక్క లైను కోసం నేను పట్టుబట్టిన సంగతి. పెద్దమ్మ ఫొటోలను కొంగుతో తుడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆయన వచ్చి నిలబడినాడు గదరా," అంది. "మేం కూలికి పోయే రైతుల పెళ్ళిళ్ళలో ఫొటో తీసేటప్పుడు మమ్మల్ని పక్కకు జరగమని నోటితో చెప్పేటోళ్ళు. ఇప్పుడు కాయితం మీద రాస్తన్నారా? అదీ నువ్వే రాయించినావా, నాయనా?"