ఆ ఒక్కరు

తమిళనాడు ధర్మపురిలో బస్టాండు వెనక వీధిలో ఒంటరిగా ఉండే టైలరు లీదియమ్మ, రోజూ పొద్దున ఆరింటికి కుట్టుమిషనుకు ఫోను ఆనించి, బైబిలు చూసి నేర్చుకున్న తెలుగు అక్షరాలతో, ఒంటివేలితో బ్లాగులో వాక్యధ్యానం రాస్తుంది. నాలుగేండ్లుగా, బ్లాగు చూపే లెక్క ప్రకారం, దాన్ని చూసేది ఒక్కరే. ఎవరో తెలియని ఆ ఒక్కరికోసం మోకరించి ప్రార్థన చేస్తుంది. మొన్న జ్వరమొచ్చి రెండు రోజులు రాయలేదు. మూడోనాడు పక్కవీధి శశికళ గంజి తెచ్చింది.

"జ్వరమని ఎవరు చెప్పినారు శశీ?"

"నీ పేజీలో కొత్తది పడలేదు కదక్కా. దినామూ చూస్తాను."

లీదియమ్మ లేచి కూర్చుంది. "ఏ వాక్యం నచ్చింది?"

"నాకు తెలుగు చదివేకి రాదక్కా. కొత్తది పడితే, నువ్వు లేచినావని తెలుస్తుంది."

లీదియమ్మ గంజి తాగింది. మరునాడు ఆరింటికి తల దువ్వుకుని, ధ్యానం పైన తన ఫొటో పెట్టింది.