ఆషాఢంలో ఖాట్మండూ

ఉస్మాన్‌గంజ్‌లో మా పసుపు దుకాణం మూయడానికి వీలయ్యేది ఆషాఢంలోనే. పెళ్ళిళ్ళుండవు, బేరాలుండవు. అందుకే డెబ్బైల్లో ఒక ఏడాది ఆ నెలలోనే నేపాల్ వెళ్ళాం. మంచుకొండ చూడాలని నా ఆశ. చూస్తే రోజూ మబ్బే.

"కార్తీకంలో రావాలి దీదీ," అంది బస ఇచ్చిన ఇల్లాలు, హిందీలో.

"అప్పుడు దుకాణమెవరు చూస్తరు? మాకు ఆషాఢమే ఖాళీ. ఏ శుభానికీ పనికిరాని నెల."

"మాకిది పండుగ నెల!" అని నవ్వి, పొలానికి తీసుకుపోయింది. నాట్లేస్తున్న ఆడవాళ్ళు ఒకరిమీదొకరు బురద చల్లుకుంటున్నారు. నా పట్టుచీరనూ వదల్లేదు. తర్వాత గట్టుమీద కూర్చోబెట్టి పెరుగు, అటుకులు పెట్టారు.

మరుసటేడు మావారు, "కార్తీకంల పోదామా? దుకాణం తమ్ముడు చూస్తడట," అన్నారు.

"కొండ యాడికి పోతది? ఆషాఢంలనే పోదాం," అన్నాను. "ఈసారి పాత చీర పెట్టుకుంటా."