ఒక చేత పగ్గం, ఒక చేత పిస్టల్

క్యాంపు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. ట్రక్కు దిగగానే బూట్లు చీలమండల దాకా మంచులో కూరుకుపోయాయి. కాశ్మీరు లోయ. దేవదారుల వాలు మీద వరసగా బంకర్లు, వాటి కొసన కుక్కల కెన్నెల్. నాతో వచ్చింది రూబీ, నల్ల లాబ్రడార్. దాక్కున్న మనిషినీ, పాతిపెట్టిన పేలుడు మందునూ వాసన పట్టడం దాని పని. దాని పగ్గం పట్టుకోవడం నా పని. ఎడమ చేతిలో పగ్గం ఉంటే రైఫిలు ఎత్తలేం. అందుకే నాకు పిస్టల్ ఇచ్చారు.

ఆయుధాల శిక్షణ చూసే హవల్దారును అందరూ ఉస్తాద్ అనేవారు. మొదటిరోజే నా ఊరడిగాడు. కంప్లి అన్నాను. ఆయనది సండూరు, అదీ మా బళ్లారి వైపే. ఆ సాయంత్రం నుంచి మా ఇద్దరికీ తెలుగు దొరికింది. స్టవ్ పక్కన కూర్చుని బళ్లారి బొరుగుల ఉగ్గాణి గురించి, తుంగభద్ర నీళ్ల గురించి మాట్లాడుకునేవాళ్లం. సండూరు గనుల లారీలు లేపే ఎర్రదుమ్ము మీద కూడా బెంగ పుడుతోందని ఆయన అనేవాడు.

ఒక్క విషయంలో మాకు పడేది కాదు. పిస్టల్‌ను కంటి ఎత్తుకు లేపి, గురి చూసే ముందు సైటును వెనక సైటు గాడిలో నిలిపి, అప్పుడే నొక్కాలని ఆయన పట్టు. దగ్గరి మనిషినైతే వేలెత్తి చూపినట్టు పిస్టల్ చూపి కాల్చేయాలని నా వాదన.

“ఒక చేతిలో పగ్గముండాది గదన్నా. సైటు చూస్తా నిలబడితే వాడే ముందు కొడతాడు,” అన్నాను.

“గుండు పోయినంక వెనక్కి పిలిచేకి రాదప్పా. యాడికి పోతాదో చూసి వదులు,” అన్నాడు.

రోజూ ఖాళీ పిస్టల్‌ను కంటికెత్తించేవాడు, భుజం పట్టేసేదాకా.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఒక ఊరి సోదాకు వెళ్లాం. పశువుల కొట్టం ముందు రూబీ ఆగి బిగుసుకుంది. వెనకవాళ్లకు చెప్పేలోపే తలుపు తెరుచుకుంది. చేయి చాస్తే అందే దూరంలో మనిషి. వాడి తుపాకి పేలింది. రూబీ కూలింది. నా పిస్టల్ నడుము దగ్గర నుంచే రెండుసార్లు పేలింది. సైటు చూసే వ్యవధి లేదు. వాడు గడప మీద పడ్డాడు.

కొట్టం అవతలి కొసన ఇంకో ఆకారం కదిలింది. చేతుల్లో నల్లగా ఏదో ఉంది. నా చేయి దానంతటదే అటు తిరిగింది. చెవుల్లో హోరు. అయినా పిస్టల్ కంటి ఎత్తుకు లేచింది. ఇన్నాళ్ల అలవాటు లేపింది. ముందు సైటు ఛాతీ మీద నిలిచింది. అప్పుడు కనిపించాడు, నల్ల దూడను ఎత్తుకున్న ముసలాయన. ట్రిగ్గర్ మీంచి వేలు తీసేశాను.

ఎంతమంది అని రేడియోలో కమాండర్ అడుగుతున్నాడు. ఒకడే అని చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

గుండు రూబీ వెనక కాలిని చీల్చింది. మధ్యాహ్నానికి దాన్ని కింది ఆసుపత్రికి పంపారు. వెంట వెళ్లడానికి నాకు అనుమతి రాలేదు. ట్రక్కు మలుపు తిరిగేదాకా అది తలెత్తి నావైపే చూసింది. ఉస్తాద్ నా పక్కన కూర్చున్నాడు. జరిగిందంతా నాచేత చెప్పించుకున్నాడు.

“మొదటివాడికి సైటు చూసింటే నువ్వుండవు. రెండోసారి చూడకుంటే ఆ ముసలాయన ఉండడు. ఇంక రెండూ నేర్పియ్యల్లప్పా నేను.”

రూబీ కోలుకుందని తర్వాత కబురొచ్చింది. ఇక డ్యూటీకి పనికిరాదని ఎక్కడికో పంపారట. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు.

నా సర్వీసు గడువు ముగిసింది. బళ్లారి స్టేషన్లో దిగితే ఎండ మొహాన కొట్టింది. ఇప్పుడు అక్కడే గాంధీనగర్లో ఉంటున్నాను. ఈ సంగతి విన్న పక్కింటివాళ్లు, సైటు చూడకుండా కాల్చడం నిజంగా కుదురుతుందా అని అడుగుతారు. ఆ రోజు ఉస్తాద్ అన్న మాటే చెబుతాను. వాళ్లు తలూపి వేరే మాటల్లో పడతారు.

నేను మాత్రం ఆ సోదా మర్నాటి ఉదయంలోకి వెళ్లిపోతాను. కెన్నెల్ ముందు, రూబీ రోజూ పడుకునే చోట, దాని ఒంటి వేడికి మంచు కరిగి దాని ఆకారంలోనే ఒక గుంట ఏర్పడి ఉంది. రాత్రి కురిసిన మంచుకు అది సగం పూడింది. నేను చూస్తుండగానే మళ్లీ మంచు మొదలైంది.