మూడు పాయింట్లు

మా అక్క గురి చూసి కొట్టే మనిషి. ఈ మాట చెబితే చిత్తూరులో మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. సర్కారు బడిలో ఆటల టీచరుగా ఏళ్ల తరబడి పిల్లలకు కబడ్డీ, ఖోఖో నేర్పిన మనిషికి తనకంటూ ఉన్న సరదా ఒక్కటే, ఒక పాత ఎయిర్ రైఫిల్. స్ప్రింగు బలంతో సీసపు గుండును పది మీటర్ల అవతల కాగితానికి కొట్టే గాలి తుపాకి. ఆదివారాలు బడి సైకిల్ షెడ్డులో అట్టకు కాగితం అంటించుకుని ఒక్కతే కొట్టుకునేది. "మీ అక్క పిట్టలదొర వేషం కట్టింది సూడు," అని మా బావ నన్ను చూసినప్పుడల్లా వేళాకోళం చేసేవాడు.

రెండేళ్ల కిందట ఆమె రెండు కళ్లలోనూ నీటికాసులు, అదే గ్లాకోమా, బయటపడ్డాయి. పోయిన చూపు రాదనీ, ఉన్నది ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేననీ తిరుపతిలో కంటి డాక్టరు అన్నాడు. అప్పటికి చూపు పక్కల నుంచి మూసుకొస్తోంది. నడిమధ్య మాత్రం తేటగానే ఉంది.

"గురికి నడిమిది సాలు గదరా," అంది అక్క, ఆసుపత్రి మెట్లు దిగుతూ. "ఈ ఒక్క తూరి రాష్ట్రం పోటీకి పోయొస్తా. ఆ పైన మూసుకుంటే మూసుకోనీ."

దానికి ఎంపిక పోటీ తిరుపతిలోనే, మూడు నెలల్లో ఉంది. సరిగ్గా అప్పుడే రైఫిలు మొరాయించింది. దాని లోపల స్ప్రింగును వెనక్కి లాగి పట్టుకునే ఉక్కు కొక్కెం ఒకటి ఉంటుంది. వేలిగోరంత ముక్క. ట్రిగ్గరు నొక్కితే అది జారుతుంది, గుండు పోతుంది. ఆ కొక్కెం అంచు అరిగి గరుకుతేలింది. ట్రిగ్గరు ఒకసారి మెత్తగా, ఒకసారి మొండిగా కదులుతోంది. ఆ రైఫిలు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. విడి భాగాలు ఎక్కడా దొరకలేదు.

"నువ్వుండావు గదా," అంది అక్క. రైఫిలును పాత దుప్పట్లో చుట్టి పాకాల మీదుగా బస్సులో తానే తెచ్చింది. కండక్టరు కర్టెన్ రాడ్డనుకున్నాడట.

నేను రేణిగుంటలో ఒక ఫ్యాక్టరీలో టర్నర్ని, లేతు మిషను మీద ఇనుము కోసే పని. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాకొక చిన్న పాత లేతు ఉంది. కొందరికి పేకాట, నాకు అది. తెలిసినవాళ్ల ఎయిర్ గన్నులు బాగుచేయడం నా పిచ్చి. నిజం చెప్పాలంటే పిచ్చికన్నా పొగరు ఎక్కువ. నా చేతికి లొంగని ఇనుము లేదని నలుగురిలో అనేవాణ్ణి. ఇప్పుడా మాట తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మొదట కొత్త కొక్కెం చేద్దామనుకున్నాను. ఆకారం తేవడానికే రెండు వారాలు పట్టింది. నా లేతు హ్యాండిలు తిప్పితే పావు చుట్టు ఊరికే తిరుగుతుంది, ఆ తర్వాతే పనిముట్టు కదులుతుంది. వెంట్రుకంత తేడా వచ్చినా ముక్క పనికిరాదు. ఎలాగో చేసి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే మొదటిది వంగిపోయింది. రెండోది టిక్కుమని పగిలింది. మూడోది నిలిచిందని సంబరపడుతుంటే, రైఫిల్లో పెట్టి లాగగానే కొన ఊడి కిందపడింది. అక్క రోజూ ఫోను చేసేది. "అయిపోవచ్చింది," అని రోజూ అబద్ధం చెప్పేవాణ్ణి.

ఇక గతిలేక చిత్తూరులో ఒక పెద్దాయనకు ఫోను చేశాను. వయసులో ఉండగా ఎయిర్ గన్నుల మరమ్మతులో ఆయన్ను మించినవాళ్లు లేరు. చేతులు వణుకుతున్నాయని పని మానేశాడు.

"కొత్తది ఎందుకప్పా? పాతదే అంచు సాన పట్టు," అన్నాడు. "దానికి పైపొరే గట్టి, లోనంతా మెత్త. మూడు పాయింట్లు తియ్యి. ఆ పైన తియ్యాకప్పా, పొర పూరా పోతాది."

మూడు పాయింట్లు తీశాను. ఒక్క పిసరు ఎక్కువ తీయలేదు, ఒట్టు. ట్రిగ్గరు వెన్నలా కదిలింది. పాతిక సార్లు పేల్చి చూశాను, ఎక్కడా తేడా లేదు. అక్క వచ్చి షెడ్డులోనే నాలుగు గుండ్లు కొట్టి, నా వీపు మీద ఒక్కటి చరిచింది. "నా తమ్ముడంటే తమ్ముడే," అంది. ఇంటికెళ్లాక రోజుకు నాలుగు గుండ్లకు మించి కొట్టలేదు, కన్ను అలసిపోతుందని.

పోటీ రోజు నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. నలభై గుండ్లు. ముప్పై దాకా ఆమెను పట్టేవాళ్లు లేరు. ముప్పై ఒకటో గుండుకు రైఫిలు ఇంకా భుజానికి ఆనుతుండగానే టప్పుమంది. కాగితం మీద మచ్చ పడలేదు. సున్నా రాశారు. మిగతా తొమ్మిదీ ఆమె ఎలా కొట్టిందో నేను చూడలేదు, తల వంచుకున్నాను. రెండు మార్కుల తేడాతో ఎంపిక తప్పిపోయింది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని అలాగే చూసుకుంది.

"నాకు తెలీకుండానే ఏలు నొక్కినట్టుండాదిరా. కన్ను పోతాదని బయపడినా, సెయ్యి ముందు పోయింది."

తప్పు ఆ చేతిది కాదని అప్పటికి నిజంగానే నాకు తెలియదు. రైఫిలును ఇంటికి తెచ్చి విప్పితే, కొక్కెం అంచు గుండ్రంగా అరిగిపోయి కనిపించింది. పెద్దాయనకు ఫోను చేసి, మీరు చెప్పినట్టే మూడు పాయింట్లు తీశాను గదా, మరి ఎందుకిలా అయిందని గట్టిగా అడిగాను. ఆయన ఎదురు ప్రశ్న వేశాడు.

"నీ లేతు అంగుళాలదా అప్పా, మిల్లీలదా?"

అప్పుడు వెలిగింది నా బుర్రలో. నాకు పని నేర్పిన మేస్త్రి అంగుళాల మనిషి. ఆయన దగ్గర పాయింటు అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఈ పెద్దాయన రాణిపేట వైపు అరవ మేస్త్రుల దగ్గర నేర్చుకున్నాడు. ఆయనకు పాయింటు అంటే మిల్లీమీటరులో నూరో వంతు. నా పాయింటు ఆయన పాయింటుకు రెండున్నర రెట్లు. గట్టి పొరంతా గీకేసి, మెత్తటి ఇనుము మీద మా అక్కను నిలబెట్టాను. ఏ పాయింటు అని ఒక్క మాట అడగలేదు. టర్నర్ని కదా, అడిగితే నామోషీ.

ఆ సాయంత్రమే చిత్తూరు వెళ్లి చెప్పాల్సింది. వచ్చే ఆదివారం చెబుదామనుకున్నాను. ఆ ఆదివారానికి ఆమె చేతిని నరాల డాక్టరుకు చూపించుకుని వచ్చింది. చేతిలో లోపమేమీ లేదన్నాడట. "ఆయనకేం తెలుసు," అంది. ఆ రోజూ చెప్పకుండానే తిరుగు బస్సెక్కాను. ఆ తర్వాత వారం వారం ఆ నిజం ఇంకా బరువెక్కింది. ఇప్పుడు మా అక్క కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటుంది. కూరగాయలు మా బావ కోస్తాడు, కత్తిపీట ముందు కూర్చోదు. బడిలో విజిల్ కూడా ఎడమచేత్తోనే పట్టుకుంటోందట. నిక్షేపంలాంటి చెయ్యి అది. దాన్ని చంపింది నేను.

ఈ చలికాలం నడిమి చూపు కూడా మసకబారింది. అచ్చు అక్షరాలు అలుక్కుపోతున్నాయంటుంది. ఆదివారాలు నేను వెళ్లి, పేపర్లూ పుస్తకాలూ ఏది దొరికితే అది చదివి వినిపిస్తున్నాను. ఇది రాస్తున్నానని ఆమెకు తెలుసు, ఏం రాస్తున్నానో తెలియదు. అచ్చయినాక మొదట తనకే చదవాలంది.