నాన్న మేత ఆపిన రోజులు

మా నాన్నకు తెలిసిన సైన్సంతా చేపల చెరువులోనే ఉంది. భీమవరం దగ్గర మా చెరువుల్లో శీలావతి, బొచ్చె పెంచేవారు. మబ్బు పట్టి నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఆ రోజున మేత ఆపెయ్యాలి. వేస్తే ఉన్న గాలీ చాలక చేప చస్తుంది. ఈ విషయంలో ఆయన మాట ఊళ్ళో వేదవాక్కు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయన పేగులో కాన్సర్ గడ్డ బయటపడింది. రాజమండ్రిలో డాక్టరుగారు బొమ్మ గీసి ఓపిగ్గా చెప్పారు. గడ్డ పెరిగేకొద్దీ దాని మధ్యభాగానికి ఆక్సిజన్ అందదట. అప్పుడది గ్రోత్ ఫ్యాక్టర్లనే పదార్థాలు వదిలి, తనవైపు కొత్త రక్తనాళాలు పుట్టించుకుని ఇంకా బలుస్తుందట. దొంగ తూము పెట్టి కాలవ నీళ్ళు లాక్కున్నట్టే. నాన్న అంతా విని, మొదటి విడత కీమో మందు ఎక్కించుకుని, దణ్ణం పెట్టి వచ్చారు.

ఇంటికొచ్చాక గంజి తప్ప ఏమీ ముట్టరే! "ఆక్సిజన్ తక్కువున్నప్పుడు మేతేంటమ్మా? తిన్నదంతా ఆ గడ్డకేగా" అన్నారు. నేను అరిచాను, అమ్మ బతిమాలింది. వినే మనిషైతేగా! తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నెల తిరిగేసరికి ఒంటిమీద చొక్కా వేలాడింది. తర్వాతి విడత మందు ఎక్కించడానికి వెళ్తే, ఇంత నీరసం మీద ఎక్కించలేమన్నారు.

నాన్న మాత్రం తన సిద్ధాంతం గర్వంగా వివరించారు. డాక్టరుగారు నవ్వు ఆపుకుని, "ఆక్సిజన్ తక్కువైంది గడ్డలోనండి, మీ ఒంట్లో కాదు. పస్తుంటే అది చావదు, మీరే చిక్కిపోతారు. మందు తట్టుకోవాలంటే తినాలండి" అన్నారు.

తర్వాత విడతలన్నీ సవ్యంగానే సాగాయి, నాన్న కోలుకున్నారు. కానీ తలుచుకోగానే నాకు మనసు నిండేది డాక్టరుగారు అలా చెప్పిన మర్నాటి మధ్యాహ్నం భోజనం. శీలావతి పులుసుతో నాన్న మారు వడ్డించుకుని తిన్నారు. చెయ్యి కడుక్కుని వస్తూ, పళ్ళెం నిండా పెట్టుకుని ఆవురావురుమని తింటున్న అమ్మను చూసి ఆగిపోయారు.

"ఇన్నాళ్ళూ నువ్వు కూడా గంజేనా?"

"మీరు తాగుతుంటే నాకు చేప ఎలా దిగుతుందండీ?" అంది అమ్మ తలెత్తకుండా.

నాన్న పక్కన కూర్చుని, గిన్నెలోంచి పొట్ట ముక్క వెతికి తీసి ఆమె పళ్ళెంలో వేశారు.