దేవుడికి చెప్పిన మాట

ఏడాదికోసారి మా నర్సులకు హెచ్‌ఐవి వైద్యం మీద శిక్షణ ఉంటుంది. కేజీఎఫ్ నుంచి బస్సెక్కి కోలారు పక్కన తమక అనే ఊరి దాకా పోవాలి. మధ్యాహ్నం ముద్ద తిన్నాక సగంమందికి కళ్ళు మూతలు పడతాయి, నాతో సహా. మా సీనియర్ నర్సు మాత్రం ఎప్పుడూ మొదటి వరుసలో నిటారుగా కూర్చునేది. ఊరిగాంలో గని కంపెనీ కూలీలకు వరసగా కట్టిన లైన్లలో మా ఇంటి పక్కిల్లే ఆమెది. వాళ్ళ నాన్న, మా నాన్న ఒకే గనిలో దిగినవాళ్ళు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె అక్కే.

ఆ ఏడు పాఠం చెప్పడానికి బెంగళూరు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. సూది గుచ్చుకుంటే వేలు పిండకూడదు, సబ్బు నీళ్ళతో కడిగి వెంటనే పైవాళ్ళకు చెప్పాలి అంది. మాత్రలు రోజూ వేసుకుంటే ఆ రోగం ఉన్న మనిషి అందరిలాగే బతకొచ్చు అంది. తర్వాత గుట్టు గురించి ఎత్తుకుంది. రోగి సంగతి ఎవరికి చెప్పొచ్చు అని అడిగితే అక్క లేచి నిలబడింది.

"వైద్యం చేసేవాళ్ళకు తప్ప ఇంగ ఎవురికీ చెప్పకూడదు మేడం. మన ఇంటాయనకు గూడా."

అందరం చప్పట్లు కొట్టాం.

మా లైన్లలో గుట్టు దాచడమంటే మాటలు కాదు. రెండిళ్ళకు ఒకటే గోడ. ఈ పక్క దగ్గితే ఆ పక్క నుంచి మిరియాల కషాయం వచ్చేస్తుంది. పైగా ప్రతి శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూడిక. కళ్ళు మూసుకుని వంతుల వారీగా గట్టిగా ప్రార్థిస్తాం. ఎవరైనా తమ కష్టం చెప్పుకోకపోతే పక్కవాళ్ళు వాళ్ళ తరఫున దేవుడికి చెప్పేస్తారు. మనసులో చేసే ప్రార్థన మావాళ్ళకు ఉప్పులేని కూడు.

ఆ కూడికకు మిషను కుట్టే ఒకావిడ వచ్చేది. భర్త పోయాడు, కాలేజీ చదివే కూతురు ఉంది. మా ఆసుపత్రిలోనే నెలనెలా ఆ మాత్రలు తీసుకునేది. లైన్లలో ఆ సంగతి తెలిసింది అక్కకూ నాకూ మాత్రమే. కన్నకూతురికి కూడా చెప్పుకోలేదు. మాత్రలు పడ్డాక ఒళ్ళు చేసింది, ముఖంలో కళ వచ్చింది. రవికె కుట్టడంలో ఆమె తర్వాతే ఎవరైనా. ఇప్పుడు ఆమె లేదు. పోయినవాళ్ళ గుట్టూ గుట్టే కాబట్టి పేరు రాయను.

శిక్షణ నుంచి వచ్చిన వారమే కూడికలో అక్క వంతు వచ్చింది. కళ్ళనీళ్ళతో మొదలుపెట్టింది.

"ప్రభువా, భర్తను పోగొట్టుకొని, మిషను కుట్టి బిడ్డను చదివించుకుంటున్న నీ కుమార్తెను జ్ఞాపకం చేసుకో. ఆమె మొగుడు ఇచ్చిపోయిన ఆ రోగాన్ని నీ చేత్తో ముట్టు. దినం తప్పకుండా ఆ మాత్రలు మింగే బలమియ్యి తండ్రీ."

కళ్ళు తెరిచి చూశాను. గోడవార ఆ మిషనావిడ కళ్ళు మూసుకునే ఉంది. అందరూ ఆమెన్ అన్నారు. ఆమె కూడా అంది.

బయటికి రాగానే అక్కను నిలేశాను. నాకు కోపం వస్తే చిన్నా పెద్దా తెలియదు.

"నేను ఎవురికి చెప్పినానే? దేవునికి కదా చెప్పింది. పేరు గూడా ఎత్తలేదు" అంది అక్క. నిజంగానే ఆమెకు అర్థం కాలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పగబట్టి చెప్పి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని.

ఎవరూ ఆ మిషనావిడను ఒక్క మాట అనలేదు. మా వాళ్ళు మంచివాళ్ళు. తర్వాతి కూడికలో అందరికీ గాజు గ్లాసుల్లో టీ వచ్చింది, ఆమెకు కాగితం కప్పులో. రవికె గుడ్డలు రావడం ఆగిపోయింది. ఆ నెల ఆమె మాత్రలకు రాలేదు.

నేనే ఇంటికి వెళ్ళాను. మిషను మీద దుప్పటి కప్పి ఉంది. మాత్రలు ఇంటికి తెచ్చిస్తానన్నాను. కోలారు ఆసుపత్రికి మార్పిస్తానన్నాను.

"యాడికి పోయినా మనోళ్ళు ఉంటారు నర్సమ్మా" అంది. "బిడ్డకు తెలిసిపొయ్యింది. నా మొగం చూసేది లేదు. ఇంగ ఎవురికోసం మింగేది?"

కూతురితో మాట్లాడాను, ఆమెతో ఎన్నోసార్లు మాట్లాడాను. నేర్చుకున్నదంతా చెప్పాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, నా మాటలు నాకే అలా తోచాయి. ఆమె తల ఊపేది, మాత్రలు మాత్రం ముట్టలేదు.

చివరికి క్షయతో, ఎముకల గూడుగా మా వార్డుకే వచ్చింది. తెచ్చింది కూతురే. అన్నీ మొదలుపెట్టాం. ఆలస్యమైపోయిందని మాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

అక్క ఆ మంచం దగ్గరికి రావడానికి జంకింది. వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుంది. కడుపులో ఉన్నదంతా ఆ చేతిలో పెట్టినట్టు పట్టుకుంది.

"నీకోసం ప్రార్థన చేద్దునా అమ్మా?"

ఆమె అక్క వైపు తల తిప్పింది. ముఖంలో కోపం లేదు.

"చెయ్యక్కా. మనసులో చేసుకో."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అక్క అలా ప్రార్థించి ఎరగదు. పెదవులు బిగబట్టి కళ్ళు మూసుకుంది. పక్క మంచానికి కూడా ఏమీ వినపడలేదు. అక్క కళ్ళు తెరిచాక, ఆమె ఆమెన్ అంది.