కొత్త బ్యాటరీ కదా, ఏం కాదనుకున్నాను

అక్కని డయాలసిస్‌కి కైకలూరు నుంచి ఏలూరు తీసుకెళ్తుంటే, ఇవాళ పొద్దున్న చేపల చెరువుల మధ్య మా పాత కారు ఆగిపోయింది. కిందటి వారమే కొత్త బ్యాటరీ వేయించాను. ఫోన్ చేస్తే గంటన్నరకి మెకానిక్ వచ్చాడు. తను తెచ్చిన బ్యాటరీతో స్టార్ట్ చేసి, మీటరు పెట్టి చూశాడు. ఇంజన్ తిరుగుతున్నా పన్నెండు వోల్టులు దాటలేదు.

"పద్నాలుగు దాకా రావాలండి. మీ బ్యాటరీ మంచిదే, దానికి ఛార్జింగే అందట్లేదు. డైనమో పోయింది. డాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఎర్ర లైటు వెలగలేదాండీ?"

వెనక సీట్లోంచి అక్క చెప్పింది. "నాలుగు రోజులుగా వెలుగుతోందండి. కొత్త బ్యాటరీ కదా, ఏం కాదన్నాడు తమ్ముడు."

కారు మెకానిక్‌కి వదిలేసి ఆటోలో ఏలూరు చేరేసరికి అక్క టైము వేరేవాళ్ళకి ఇచ్చేశారు. రేపు పొద్దున్నే రమ్మన్నారు. ఇంటికి తిరిగొచ్చాం. అక్కకి కాళ్ళు వాచిపోయాయి, పడుకుంటే ఊపిరాడట్లేదని కుర్చీలోనే కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం తిన్నావా అని మాత్రం రెండుసార్లు అడిగింది.

బ్యాటరీ మార్చడం తప్ప నాకు వేరే వైద్యం తెలీదని ఇవాళ తేలిపోయింది. తెల్లవారుజామున ఏలూరు వెళ్ళడానికి కైకలూరులో ఎవరి కారైనా ఖాళీగా ఉంటే, దయచేసి కింద చెప్పండి.